చెరువుల దారిలో నేను నిలబెట్టిన మనిషి

భిలాయి స్టీల్ ప్లాంట్‌లో ట్రాఫిక్ కంట్రోల్‌కి కొత్తగా వచ్చిన ఇద్దరు ఇంజినీర్లు మొన్నామధ్య స్మృతి నగర్‌లో మా ఇంటికి వచ్చారు. ఈ ఉద్యోగంలో ముందుగా ఏం తెలుసుకోవాలని అడిగారు. టీ తాగేలోపు చెప్పేది కాదు, రాసిస్తానన్నాను. రిజిస్టర్లు ఎలా నింపాలో, ప్రమోషన్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి డిపార్ట్‌మెంట్‌లో చాలామంది ఉన్నారు. నేను అడవిలో ఒక నడక గురించి రాస్తున్నాను. నా ఉద్యోగం నాకు అక్కడే అర్థమైంది.

ఫోను

మా పని వినడానికి చిన్నదే. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన ఇనుము, మా మాటలో మెటల్, లేడిల్స్‌లోకి దిగుతుంది. దాని మీద తేలే చిట్టెం, అంటే స్లాగు, వేరే బండ్లలో పోతుంది. లేడిల్ అంటే గదంత గిన్నె అనుకోండి, చక్రాల మీద ఉంటుంది. దాన్ని ఇంజను లాక్కెళ్లి స్టీలు చేసే షాపుకి చేర్చాలి. దారిలో పట్టాలు చీలే చోట్లని పాయింట్లంటాం. ఒక్కో పాయింటు దగ్గర ఒక కేబిను, అందులో ఒక పాయింట్స్‌మన్, ఒక ఫోను. కంట్రోలర్ ఫోనులో చెబితే అతను పట్టా తిప్పి, తాళం వేసి, మళ్లీ ఫోను చేస్తాడు. "ఆరో పాయింటు, మెటల్‌కి సెట్, లాక్" అని, చివర్లో తన పేరు కూడా చెబుతాడు. ఆ గొంతు విన్నాకే మనం రిజిస్టర్‌లో క్లియర్ అని రాస్తాం. పక్కవాడు చెబితే చెల్లదు. అతని గొంతే వినాలి.

ఇంకో నియమం ఉంది. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి, కంట్రోల్ సరేనన్నదాకా పాయింట్స్‌మన్ కేబిను వదలకూడదు.

నేను వైజాగ్‌లో పుట్టి పెరిగాను. తొంభైల మొదట్లో ఇక్కడికి వచ్చేసరికి నాకు పాతికేళ్లు. అడవి అంటే క్యాలెండర్ మీద చూసిందే, పల్లెటూరంటే రైలు కిటికీలోంచి చూసిందే. షిఫ్టులో ఎనిమిది గంటలూ ఫోను చేతిలోంచి దిగేది కాదు. అన్నం కూడా ఎడమ చెవికి రిసీవర్ ఆనించుకునే తినేవాణ్ణి. ఫోనులో మాట్లాడటం తక్కువ, అరవడం ఎక్కువ. మొదటి ఏడాదిలోనే రెండు రిసీవర్లు విరగ్గొట్టాను. మా చీఫ్ కంట్రోలర్ చౌబే గారు రెండోదాన్ని బాగు చేయించకుండా వారం రోజులు నా టేబుల్ మీదే ఉంచారు.  వచ్చినవాళ్లందరూ దాన్ని చూసి, నన్ను చూసి వెళ్లేవాళ్లు.

ఆయన ఒక మాట మాత్రం తరచూ అనేవారు. "ఫోన్ మే ఆద్మీ దిఖ్‌తా నహీ. పహలే పూఛో." ఫోనులో మనిషి కనపడడు, కాబట్టి ముందు అడుగు అని. ముసలాయన చాదస్తం అనుకునేవాణ్ణి.

ఎనిమిది నిమిషాలు

ఆరో పాయింటు కేబిన్‌లో పైడిరాజు ఉండేవాడు. యాభైకి దగ్గర పడిన మనిషి, బొబ్బిలి దగ్గర ఏదో ఊరు. ప్లాంట్‌లో నా వయసంత సర్వీసు ఉంది. నేను అతన్ని నువ్వు అనే పిలిచేవాణ్ణి. అతను నన్ను బాబూ అని, మీరని అనేవాడు. అందులో తప్పున్నట్టు నాకు అప్పట్లో తోచలేదు.

ఒక మధ్యాహ్నం రెండు లేడిళ్లు నిండి ఫర్నేస్ కింద నిలబడి ఉన్నాయి. అటు స్టీలు షాపు ఖాళీగా కూర్చుని నా మీద అరుస్తోంది. ఆరో పాయింటుకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఎనిమిది నిమిషాలు ఆ గంట అలా మోగుతూనే ఉంది. ఇనుము మన కోసం వేడిగా కూర్చోదు కదా. చివరికి పైడిరాజు ఎత్తి, ఆయాసపడుతూ "ఆరో పాయింటు" అన్నాడు. మిగతాది నేను చెప్పనివ్వలేదు.

అందరి కేబిన్లకీ వినిపించే లైను అది. ఎక్కడ తిరుగుతున్నావన్నాను, బీడీకి వెళ్లావా అన్నాను, ఇంకా చాలా అన్నాను. చివర్లో, "నేను చెప్పేదాకా అక్కణ్ణించి కదిలావంటే ఉద్యోగం ఉండదు" అన్నాను.

 అటునించి, "తవరు సెప్పేదాకా కదల్ను. రైటు" అన్నాడు. ఆర్డరు విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలనేది మా పద్ధతి. అతను పద్ధతి ప్రకారమే చెప్పాడు. పట్టా తిప్పాడు, తాళం వేశాడు, పేరు చెప్పాడు. బండి వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

అతను ఆ ఎనిమిది నిమిషాలూ ఎక్కడున్నాడని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

మూడు చెరువులు

నెల తిరక్కుండానే డిపార్ట్‌మెంట్ పిక్నిక్ వచ్చింది. ఏటా చలికాలంలో చౌబే గారు రెండు బస్సులు మాట్లాడి అందరినీ కుటుంబాలతో ఎక్కడికైనా తీసుకెళ్లేవారు. ఆ ఏడాది భిలాయి నించి మూడు గంటల దూరంలో ఉన్న ఒక అభయారణ్యానికి వెళ్లాం. లోపల మూడు చెరువులున్నాయి. గేటు నించి మూడో చెరువు దాకా గంట నడక, దారంతా చదునే, చిన్నపిల్లలు కూడా నడుస్తారని గార్డు చెప్పాడు.

గేటు దగ్గరే చెట్ల కింద పులిహోర, పూరీలు తిన్నాం. తర్వాత నడక ఏర్పాట్లు నేను చేస్తానన్నాను. నన్నెవరూ అడగలేదు. చేతిలో ఫోను లేకపోయేసరికి నాకు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అంతే. ముందు ఆడవాళ్లూ పిల్లలూ గార్డుతో, మధ్యలో పెద్దవాళ్లు, వెనక మేము అని గుంపులు చేశాను. చౌబే గారు నవ్వి, "అరే భాయ్, పిక్నిక్ హై, షిఫ్ట్ నహీ" అన్నారు, ఇది పిక్నిక్కు, డ్యూటీ కాదని.

ఇరవై నిమిషాలు నడిచాక దారి చీలింది. కుడివైపు చెరువులు. ఎడమవైపు గుట్టల్లోకి వెళ్లిపోయే బాట, అటు పోవద్దని గార్డు ముందే హెచ్చరించాడు. వెనక గుంపులో కొందరు కబుర్లలో పడి బాగా వెనకబడ్డారు. నాకు అలవాటైన ఆలోచనే వచ్చింది. పట్టాలు చీలే చోట మనిషి ఉండాలి. పక్కన పైడిరాజు కనిపించాడు.

"ఇక్కడ నిలబడు. వెనక వచ్చేవాళ్లని కుడివైపు పంపు. నేను చెప్పేదాకా కదలకు."

అతను భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, ఒక కర్ర ఏరుకుని దాని చివర కట్టాడు. "కుడేపు పంపుతాను. తవరు సెప్పేదాకా కదల్ను. రైటు" అన్నాడు. మా వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మొదటి చెరువు చిన్నది, దాని నిండా కలువలు. రెండోదాని ఒడ్డున బురదలో దుప్పుల గిట్టల గుర్తులు ఉన్నాయి, తడి ఇంకా ఆరలేదు. మూడోది పెద్దది. అవతలి ఒడ్డున బాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి. మేము రాగానే ఒకసారి లేచి, గిరికీ కొట్టి, మళ్లీ అక్కడే వాలాయి. నలభై మందిమి ఉన్నాం, ఒక్కరూ మాట్లాడలేదు. రోజంతా సైరన్లూ ఇంజన్లూ వినే మనుషులం. నీళ్ల మీద గాలి చప్పుడు మాకు కొత్త. నేను ఒక రాయి మీద కూర్చున్నాను. ఎడమ చెవి మీద బరువు లేకపోవడం ఎంత హాయో అప్పుడు తెలిసింది. వెనకబడ్డవాళ్లు కూడా వచ్చి చేరారు. దారి తప్పకుండా వచ్చారంటే పైడిరాజు పంపాడన్నమాట. ఆ మాట మనసులో మెదిలింది కూడా. మెదిలి పోయింది.

నాలుగు గంటలప్పుడు గార్డు ఒక సంగతి చెప్పాడు. చెరువు గట్టు దిగి పది నిమిషాలు నడిస్తే తారు రోడ్డు వస్తుంది, బస్సులు అక్కడికే రప్పించుకోవచ్చు, వచ్చిన దారంతా మళ్లీ నడవక్కర్లేదు. పిల్లలు అప్పటికే కాళ్లు నొప్పులంటున్నారు. సరే, అలాగే చేద్దామన్నాను. అందరూ మెచ్చుకున్నారు.

ఆడవాళ్లూ పిల్లలూ ముందు బస్సులో వెళ్లిపోయారు. గార్డు కూడా రోడ్డు మీంచే గేటుకి వెళ్లిపోయాడు. మా బస్సు మెట్టు మీద నిలబడి నేను పేర్లు చదివాను. పైడిరాజు అనగానే వెనక సీట్లోంచి ఎవరో, "ఆడు ముందు బస్సులో ఎల్లిపోనాడు సార్, పెళ్లాం కాడ కూకున్నాడు" అన్నారు. అందరూ నవ్వారు. నేను టిక్కు పెట్టాను.

అతని గొంతు వినకుండా క్లియర్ రాశాను. ప్లాంట్‌లో అంత పని నేను ఏ రోజూ చెయ్యలేదు.

రెండు గ్లాసులు

ముప్పావుగంట తర్వాత దారిలో ఒక ధాబా దగ్గర ఆగాం. ముందు బస్సు అప్పటికే అక్కడుంది. చౌబే గారు వచ్చిన జీపు కూడా ఉంది. నేను ఇంకా దిగలేదు. పైడిరాజు భార్య గౌరమ్మ గారు రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు పట్టుకుని మా బస్సు కిటికీ దగ్గరికి వచ్చారు.

"బాబూ, మావోణ్ణి దిగమను. టీ సల్లారిపోతంది."

ఆయన మీతో రాలేదా అని అడిగాను. ఆవిడ నా మొహం చూశారు. వెనక సీటు వైపు తిరిగాను. ఇందాక చెప్పినవాడు తల దించుకుని, అలా అనుకున్నానన్నాడు. వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచాను.  టిక్కు పెట్టింది వాడు కాదు.

చౌబే గారికి చెప్పాను. ఆయన కేకలేస్తే బాగుండేది. ఒక్కటే అడిగారు. "ఆఖ్రీ బార్ ఉస్కీ ఆవాజ్ కబ్ సునీ?" ఆఖరిసారి అతని గొంతు ఎప్పుడు విన్నావని. దారి చీలిన చోట అన్నాను. ఏమన్నాడని అడిగారు. చెప్పాను.

పక్కనే ఉన్న గౌరమ్మ గారు మెల్లిగా అన్నారు. "నువ్వుండమన్నావా బాబూ? అయితే అక్కడే ఉంటాడు. ఆవేళ ఫోన్లో నువ్వు తిట్టినకాణ్ణించి కేబిన్లో నీళ్లకైనా లెగట్నేదు. ఇంటికాణ్ణించే బిందె మోసుకెల్తన్నాడు."

ఆవిడ జీపు ఎక్కేశారు. రెండు గ్లాసుల్లో ఒకటి అక్కడి బల్ల మీద పెట్టారు. రెండోది మాత్రం చీర కొంగు కప్పి తెచ్చుకున్నారు.

చౌబే గారు జీపు నడిపిన తీరు నేను వర్ణించను. గేటు చేరేసరికి ఎండ చెట్ల కొసల మీద మాత్రమే మిగిలింది. గార్డు అప్పటికే గొలుసు వేసేశాడు. సంగతి వినగానే అతని మొహం మారింది. "ఏ బేరా భలువా పానీ పియే బర్ ఆథే" అన్నాడు. ఎలుగుబంట్లు నీళ్లకి దిగే వేళ ఇది అని. గౌరమ్మ గారిని గుడిసెలో కూర్చోమని చెప్పి, టార్చీ, దుడ్డుకర్ర తీసుకుని ముందు నడిచాడు. వెనక చౌబే గారు, నేను.

పగలు చిన్నపిల్లలు పాటలు పాడుకుంటూ నడిచిన దారి అది. ఆ ఇరవై నిమిషాల దారిలో నేను తల్చుకున్న దేవుళ్ల పేర్లు మా అమ్మకి కూడా తెలియవు. పేరు పెట్టి పిలుద్దామంటే గార్డు వద్దన్నాడు. జంతువులు బెదురుతాయట. నా గొంతు తప్ప నాకు వేరే పనిముట్టు లేదు. ఆ రోజు దాన్ని కూడా వాడుకోనివ్వలేదు.

మలుపు తిరిగాం. ముందు ఎర్ర తువ్వాలు కనిపించింది.

పైడిరాజు ఒక ఇప్పచెట్టుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. కర్ర నేలలో గుచ్చి ఉంది. పాదాల దగ్గర పిడికిలంతేసి రాళ్లు కుప్పగా పోసి ఉన్నాయి. మమ్మల్ని చూసి చెట్టు వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"అందరూ కుడేపే ఎల్లారు బాబూ. ఒక ఎలుగొచ్చింది. దాన్నీ కుడేపే పొమ్మన్నాను. ఇన్నేదు, ఎడమేపు పోయింది."

చౌబే గారు పక్కకి తిరిగిపోయారు. నవ్వారో, కళ్లు తుడుచుకున్నారో నాకు తెలియదు.

"ఎలుగొస్తే మరి వచ్చెయ్యొచ్చు కదా?" అన్నాను.

"తవరు సెప్పనేదు కదా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణేమో. అయినా అతను ఇంకా కదల్లేదు. గార్డు తొందర చేస్తున్నాడు, చీకటి పడుతోంది, అతను మాత్రం నా వంకే చూస్తున్నాడు. ఎందుకో అర్థం కావడానికి నాకు కాస్త టైము పట్టింది.

"మీరు రిలీవ్ అయ్యారు, పైడిరాజు గారూ" అన్నాను.

అప్పుడు కర్ర పీకి, తువ్వాలు విప్పి దులిపి, భుజం మీద వేసుకుని నడిచాడు.

అడగాల్సిన ప్రశ్న

తిరుగు దారిలో అతని పక్కన నడిచాను. నెల రోజుల కిందట అడగాల్సింది అప్పుడు అడిగాను. ఆ రోజు ఫోను ఎత్తని ఎనిమిది నిమిషాలూ ఎక్కడున్నారు?

"పాయింటు కాడే ఉన్నాను బాబూ. స్లాగు ముక్కొకటి పట్టా సందులో ఇరుక్కుంది. పట్టా పూర్తిగా అంటుకోట్నేదు. అలా బండొస్తే పడిపోద్ది. గడ్డపలుగుతో కొట్టి తీసేసరికి ఆ టైమైంది. ఫోను మోగడం ఇనబడతానే ఉంది. ఒగ్గేసి రాలేను గదా."

నా నడక ఆగిపోయింది. కరిగిన ఇనుము నిండిన రెండు లేడిళ్లు, ఇంజను మీద ఇద్దరు మనుషులు. ఆ పాయింటు మీద పడితే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

"మరి ఆ మాట చెప్పలేదేం?"

"మీరు అడగనేదు బాబూ. అరిసేరు."

గేటు దగ్గర గౌరమ్మ గారు ఏడవలేదు, కోప్పడలేదు. గ్లాసు మీది కొంగు తీసి అందించారు. పూర్తిగా చల్లారిపోయిన టీ. అతను తొణక్కుండా చివరిదాకా తాగి, "సెక్కర తక్కువైంది" అన్నాడు. "సెక్కర కావాలంటే ధాబాకాడికే వచ్చి తాగాల్సింది" అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేటైనా తిన్నావా బాబూ?" అని అడిగారు. 

జరిగింది జరిగినట్టు రాసి చౌబే గారికిచ్చాను, రెండు తప్పులూ నావేనని. ఆయన అది చదివి, ఆరో పాయింటు కేబిను ఎప్పుడైనా చూశావా అన్నారు. మూడేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఆ రోజే నడుచుకుంటూ వెళ్లాను. నాలుగడుగుల గది. మూలన ఇంటినించి తెచ్చిన బిందె. గాలికి తలుపు కొట్టుకోకుండా కింద ఒక నల్లటి రాయి అడ్డం పెట్టి ఉంది. చేత్తో ఎత్తాను. బరువుగా ఉంది, ఒక వైపు పలుగు దెబ్బలున్నాయి. అదే ఆ స్లాగు ముక్క. నెలరోజులుగా నా తప్పు ఆ గుమ్మంలోనే ఉంది, వెళ్లి చూసినవాడు లేడు.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న మీకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అరిస్తే పని తొందరగా అవుతుందంటారు. అవుతుంది, అబద్ధం కాదు. కానీ అరిచేవాడికి వార్తలు రావడం ఆగిపోతుంది. మీ మాట అక్షరం పొల్లుపోకుండా చేస్తారు, అంతకు మించి ఒక్క ముక్క చెప్పరు. పాయింటు దగ్గర ఏం జరుగుతోందో తెలియని కంట్రోలర్ చేతిలో ఫోను ఉంటేనేం, విరిగిన రిసీవర్ ఉంటేనేం. నా కోపం ఆ ఒక్క రోజుతో పోయిందని చెప్పను. ఇప్పటికీ ఉంది, మా ఆవిడని అడగండి. కాకపోతే ఆ తర్వాత ఫోను ఎత్తి మొదట అనే మాట "ఏమైందండీ" అయింది. ఆ ఒక్క మాటతో ఎన్ని బండ్లు పట్టాల మీద నిలబడ్డాయో లెక్క లేదు. ఈ విషయంలో నేను చౌబే గారికీ పైడిరాజు గారికీ బతికున్నంతకాలం రుణపడి ఉంటాను. ఆ ముగ్గురు చెరువులకి కూడా. మూడు అనాలి, కానీ నాకు మనుషుల్లాగే తోస్తాయి.

చివరి షిఫ్టు

పైడిరాజు గారు రిటైరైన రోజు ఆయనది మొదటి షిఫ్టు. నాకు ఆ రోజు సెలవు. అయినా వెళ్లి, డ్యూటీలో ఉన్న కంట్రోలర్‌ని కుర్చీలోంచి లేపి నేను కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి ఆరో పాయింటు ఫోను మోగింది.

"ఆరో పాయింటు. లైను ఖాళీ, పాయింటు లాక్, రిలీవర్ వచ్చాడు. పైడిరాజు." కాస్త ఆగి, "ఇంక సెప్పండి బాబూ" అన్నారు.

నేను చెప్పేదాకా ఆయన కదలరని నాకు తెలుసు. అందుకే ఒక నిమిషం చెప్పలేదు. రిసీవర్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను. అటునించి గాలి చప్పుడు, దూరంగా ఇంజను కూత వినిపించాయి. ఆయన తొందర పెట్టలేదు.

తర్వాత చెప్పాను.